తొమ్మిది రకాల మాత్రలు, ఒక చెంబు నీళ్ళు: 91 ఏళ్ళ మామ్మ గారి కేసు

ఈ కేసు రాయాలని ఏడాదిగా అనుకుంటున్నా, ఇప్పటికి కుదిరింది. నేను గోదావరి జిల్లాల్లో ఒక చిన్న టౌన్‌లో జనరల్ ప్రాక్టీస్ చేస్తాను, సాయంత్రం ఓపీకి ముందు మంచం దిగలేని పెద్దవాళ్ళని వాళ్ళ ఇళ్ళకెళ్ళి చూస్తాను. కుటుంబాన్ని అడిగే రాస్తున్నాను, ఊరు పేరూ మనుషుల పేర్లూ లేవు, గుర్తుపట్టే వీలున్న రెండు మూడు విషయాలు మార్చాను. మందులూ అంకెలూ మాత్రం నా నోట్స్‌లో ఉన్నవే. ఇందులో నా పొరపాట్లు రెండున్నాయి, రాయడానికి అసలు కారణం కూడా అవే, నాలాగే ఇళ్ళకెళ్ళి చూసేవాళ్ళు అవి చేయకుండా ఉంటే చాలు.

నేపథ్యం

మామ్మ గారికి ఆధార్‌లో 85. కానీ ఆవిడ ఎప్పుడూ చెప్పే మాట ఒకటుంది, "వరదొచ్చినప్పుడు పెద్దాడు కడుపులో ఉన్నాడమ్మాయ్, పడవెక్కించి పుట్టింటికి పంపారు" అని. ఏ వరద అని అడిగితే ఆంధ్ర రాష్ట్రం రాకముందు అంటుంది, అంటే 1953 ఆగస్టులో గోదావరికొచ్చిన వరద. అప్పటికి పంతొమ్మిదేళ్ళనుకుంటే 2025 ఫిబ్రవరిలో నేను చూసేనాటికి 91 దగ్గర. ఈ లెక్క ఎందుకు వేశానంటే మందుల డోసుకి అసలు వయసు కావాలి, కింద వస్తుంది.

ఉండేది చిన్న కొడుకు దగ్గర. ఆయనకి 66, షుగరు. కోడలికి 61, రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. పెద్దాయన, అంటే పెద్ద కొడుకు, హైదరాబాద్‌లో, డబ్బు పంపుతాడు, రోజూ వీడియో కాల్ చేస్తాడు. తొంభై దాటినవాళ్ళని చూసేది ఎవరూ అంటే మన ఇళ్ళల్లో ఇదిగో ఇలా అరవై దాటినవాళ్ళే, ఈ కేసులో సగం విషయం ఇక్కడే ఉందని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

అంతకుముందు దసరా వరకు ఆవిడ తన నీళ్ళు తనే పోసుకునేది, చింతపండు పిక్కలు తీసేది, అరుగు మీద కూర్చుని వీధిలో పోయే ప్రతివాళ్ళనీ పలకరించేది. ఒకటో తారీఖు పింఛను తెస్తారని పొద్దున్నే తల దువ్వించుకుని, ఉతికిన చీర కట్టుకుని రెడీగా ఉండేదట.

ఏం జరిగిందని పిలిచారు

ఫిబ్రవరి ఒకటిన సచివాలయం అబ్బాయి పింఛను 4,000 తెచ్చి "మామ్మ గారూ" అని పిలిస్తే కళ్ళు తెరవలేదు. కోడలు నాకు ఫోన్‌లో చెప్పిన మొదటి మాట అదే. పగలంతా నిద్ర, రాత్రి మాత్రం కలవరింతలు, ఎప్పుడో పోయిన అక్కని పిలవడం, ఆరేడుసార్లు పాస్‌కి లేవడం, రెండుసార్లు పడిపోవడం. తిండి లేదు, టీలో ముంచిన రస్కు ఒకటి, అంతే. చుట్టాలు ఒక్కొక్కరే వచ్చి చూసిపోవడం మొదలుపెట్టారు.

నేను వెళ్ళగానే కొడుకు అన్నది, "వయసైపోయిందండీ, మాకు తెలుసు, ఒక రెండు సెలైన్లు పెట్టండి, ఉన్నన్ని రోజులు కాస్త ఓపిగ్గా ఉంటుంది". ఆ మాటలో ప్రేమ లేదని కాదు, చాలా ఉంది. కానీ నాకు అక్కడే ఒకటి తట్టింది, వయసు అనేది మనిషిని మెల్లగా ఏళ్ళ తరబడి తగ్గిస్తుంది, దసరాకి తన నీళ్ళు తను పోసుకున్న మనిషి సంక్రాంతి దాటేసరికి కళ్ళు తెరవకపోతే అది వయసు కాదు, ఏదో జరిగింది. వారాల్లో వచ్చిన మార్పుకి కారణం వెతకాలి.

వారాల పేర్లు వెనక నుంచి చెప్పమన్నాను. ఆదివారం, శనివారం, శుక్రవారం అని ఆగిపోయింది, మళ్ళీ నిద్ర. ఏకాగ్రత ఇలా నిలవకపోవడం, రోజులో ఒకసారి బానే ఉండి ఇంకోసారి తెలివి లేకుండా పడుంటం, ఇది మతిమరుపు జబ్బు కాదు, డెలిరియం, అంటే ఒంట్లో ఇంకేదో తేడా వల్ల తక్కువ రోజుల్లో వచ్చే తికమక. అరుస్తూ కొట్టుకునే డెలిరియం అయితే అందరూ గుర్తుపడతారు, ఇలా ఊరికే పడుకుని ఉండేది మాత్రం ఎవరి కంటా పడదు, ఇంట్లో గొడవ ఉండదు కాబట్టి.

మొదట ఏం చేశాను, ఎందుకు తప్పైంది

రక్తం, యూరిన్ టెస్ట్‌లు చేయించాను. హీమోగ్లోబిన్ 9.8, సోడియం 127 (135 పైన ఉండాలి), క్రియాటినిన్ (కిడ్నీల పనిని చూసే టెస్ట్) 0.9. యూరిన్‌లో చీము కణాలు, కల్చర్‌లో బాక్టీరియా. నేను వెంటనే యూరిన్ ఇన్ఫెక్షన్ అని ఐదు రోజుల యాంటీబయాటిక్ రాశాను.

జ్వరం లేదు, మంట లేదు. అయినా రాశాను, ఎందుకంటే పెద్దావిడ, తికమక, యూరిన్‌లో బాక్టీరియా, మూడూ కలిస్తే మనకి చదువుకున్నప్పట్నుంచీ నోటికొచ్చే జవాబు అదే. కానీ ఈ వయసు ఆడవాళ్ళలో చాలామందికి యూరిన్‌లో బాక్టీరియా ఏ ఇబ్బందీ లేకుండా ఎప్పుడూ ఉంటుంది, దానికి మందు అక్కర్లేదు, లక్షణాలు ఉంటేనే వైద్యం. నాకు అది తెలుసు, తెలిసి కూడా చేతిలో రిపోర్ట్ ఉండేసరికి అక్కడ వెతకడం ఆపేశాను. ఐదో రోజుకి నీళ్ళ విరేచనాలు, ఇంకా నీరసం. పెద్దాయన హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి ఐసీయూలో చేర్పిద్దామా అన్నారు, నా దగ్గర సరైన సమాధానం లేదు.

రెండోసారి

ఈసారి గంటన్నర పెట్టుకుని వెళ్ళాను. ఇంట్లో ఉన్న మందులన్నీ తెమ్మంటే కోడలు ఒక స్వీట్ల డబ్బా తెచ్చింది. బీపీకి ఆమ్లోడిపిన్ 10 మి.గ్రా., టెల్మిసార్టాన్ 40, నీరు పోయే మాత్ర ఫ్యూరోసెమైడ్ 40, మాటిమాటికీ పాస్ రాకుండా ఆక్సీబ్యుటినిన్ 5 రెండుపూటలా, మత్తుగా పడుకోబెట్టే మానసిక జబ్బుల మందు క్వెటియాపిన్ 50 రాత్రికి, రక్తం పలచబడే ఆస్పిరిన్, కొలెస్ట్రాల్‌కి అటోర్వాస్టాటిన్, గ్యాస్ మాత్ర, కాల్షియం. తొమ్మిది. రాసినవాళ్ళు నలుగురు, నాలుగు వేరే చోట్ల.

పాత క్యాలెండర్ వెనక పేజీ తీసుకుని ఏది ఎప్పుడు మొదలైందో కోడల్ని అడుగుతూ వరసగా రాశాను, ఈ పని మొదటిరోజే చేయాల్సింది. అక్టోబర్‌లో బీపీ ఎక్కువుందని ఆమ్లోడిపిన్ 5 నుంచి 10 చేశారు. నవంబర్‌లో కాళ్ళకి నీరు పట్టిందని ఫ్యూరోసెమైడ్, ఉప్పు మానేయమన్నారు కూడా. డిసెంబర్‌లో రాత్రుళ్ళు మాటిమాటికీ పాస్‌కి లేస్తోందని ఆక్సీబ్యుటినిన్. జనవరిలో రాత్రి కలవరింతలని క్వెటియాపిన్. ఆ నెలాఖరులో పడిపోవడం.

ఆ కాగితం చూస్తే కథ మొత్తం తెలిసిపోతుంది. ఆమ్లోడిపిన్ డోసు పెరిగితే పాదాలు వాస్తాయి, అది ఒంట్లో నీరు ఎక్కువై వచ్చే వాపు కాదు, సన్న రక్తనాళాలు వదులై నీరు పాదాల్లోకి ఊరడం, దానికి నీరు పోయే మాత్ర ఇస్తే వాపు సరిగ్గా పోదు కానీ మనిషి మాత్రం ఎండిపోతుంది, రాత్రి లేవడం మొదలవుతుంది. ఆ లేవడాన్ని బ్లాడర్ జబ్బనుకుని ఇచ్చిన ఆక్సీబ్యుటినిన్ నోరు ఎండగట్టింది, విరేచనం బిగబట్టింది, ఈ వయసులో మెదడుని కూడా మసకబారుస్తుంది. నోరెండితే కట్టుడు పళ్ళు నిలవవు, పళ్ళు లేకపోతే రస్కూ టీయే గతి, ఉప్పు లేని తిండికి ఇది తోడైతే సోడియం పడిపోతుంది, అది పడితే తికమక ఇంకా పెరుగుతుంది. ఆ తికమకకి ఇంకో మాత్ర. ఒక మందు చేసిన ఇబ్బందిని కొత్త జబ్బనుకుని ఇంకో మందు రాయడం, ఇంగ్లీషులో దీన్ని ప్రిస్క్రైబింగ్ కాస్కేడ్ అంటారు. ఒక్క డాక్టర్‌ని కూడా నేను తప్పుపట్టలేను, ప్రతి ఒక్కరూ తన ముందు చెప్పిన బాధకే మందిచ్చారు, డబ్బా మొత్తం ఒక్కసారి ఎవరి ముందుకీ రాలేదు.

పడుకోబెట్టి బీపీ 128/68. లేపి నిలబెట్టి ఒక నిమిషం తర్వాత 98/56, "కళ్ళు తిరుగుతున్నాయి అమ్మాయ్, వదలకు" అంది. నిలబడ్డ మూడు నిమిషాల్లోపు పై అంకె 20 పడితే చాలు లెక్కలోకి తీసుకోవాలి, ఇక్కడ 30 పడింది. మొదటిరోజు పడుకున్న బీపీ ఒక్కటే చూసి బానే ఉందనుకున్నా. పొట్ట నొక్కితే బ్లాడర్ నిండి చేతికి తగులుతోంది, కింద మలం గట్టిపడి ఉంది, అంటే ఆ నీళ్ళ విరేచనాలు కొంతవరకు గట్టి మలం పక్కనుంచి జారినవే. నర్సుతో ఎనిమా చేయించాం, ఆ సాయంత్రమే సగం తేలికపడింది.

క్రియాటినిన్ సంగతి కూడా చెప్పాలి. ల్యాబ్ కాగితం మీద 0.9 నార్మల్. కానీ ఆవిడ బరువు 41 కిలోలు, కండ లేదు, వయసు 91, ఇవి పెట్టి కాక్‌క్రాఫ్ట్ ఫార్ములాతో లెక్కేస్తే క్లియరెన్స్, అంటే కిడ్నీలు వడకట్టే వేగం, నిమిషానికి 26 మి.లీ. వచ్చింది, బాగా తక్కువ. చిన్న ఒళ్ళు, పెద్ద వయసు ఉన్నవాళ్ళలో నార్మల్ అని అచ్చేసిన క్రియాటినిన్‌ని నమ్మి డోసులు వేయకూడదు.

ఏది ముందు ఆపాలి

అన్నీ ఒకేసారి ఆపేయాలనిపిస్తుంది, నాకూ అనిపించింది. కానీ అలా చేస్తే ఏది ఆపితే ఏం జరిగిందో తెలియదు, ఏదైనా అటూఇటూ అయితే కుటుంబం భయపడి అన్నీ మళ్ళీ మొదలుపెట్టేస్తుంది. అందుకని ఆక్సీబ్యుటినిన్ ముందు, హాని దానితోనే ఎక్కువ, ఆపితే ప్రమాదం లేదు. నాలుగు రోజులకి ఫ్యూరోసెమైడ్, ఆయాసం లేదు, ఆరు నెలల కిందటి ఎకోలో (గుండె స్కాన్) గుండె పంపింగ్ బానే ఉంది, కాబట్టి ధైర్యంగా. దాంతోపాటు ఆమ్లోడిపిన్ 5కి. ఎప్పుడూ హార్ట్ ఎటాక్, పక్షవాతం రాని మనిషికి ఈ వయసులో ఆస్పిరిన్ వల్ల రక్తస్రావం భయమే ఎక్కువ, అది కూడా తీసేశాం. ఉప్పు మామూలుగా వేయమన్నాను.

క్వెటియాపిన్ మాత్రం చివరికి ఉంచాను, దానికి కారణం మామ్మ గారు కాదు, కోడలు. ఆవిడని పక్కకి తీసుకెళ్ళి "మీరెన్ని గంటలు పడుకుంటున్నారు" అని అడిగితే ఏడ్చేసింది. మూడు నెలలుగా రాత్రి ఆరేడుసార్లు లేచి, ఆ మోకాళ్ళతో అత్తగారిని పట్టుకుని పెరట్లో బాత్రూం దాకా నడిపించడం. జనవరిలో డాక్టర్ దగ్గరకెళ్ళి "ఆవిడ పడుకునేలా ఏదన్నా ఇవ్వండి" అంది ఈవిడే, నిద్రలేని మనిషి అడిగిన మాట అది. ఆ మాత్ర వేసింది మామ్మ గారికైనా అవసరం కోడలిది. ఆ అవసరం తీరకుండా మాత్ర ఆపితే వారంలో ఇంకో డాక్టర్ దగ్గర ఇంకో మాత్ర రాయించుకుంటారు.

అందుకే చిన్న కొడుకుని కూర్చోబెట్టి అడిగాను, రాత్రి రెండో సగం మీరు చూసుకోగలరా అని. ఆయన తల ఊపారు కానీ మామ్మ గారే ఒప్పుకోలేదు, "మగపిల్లాడు నన్ను దొడ్లోకి తీసుకెళ్ళడమేంటి". చివరికి పక్క వీధిలో ఒకావిడని వారానికి నాలుగు రాత్రులు మాట్లాడుకున్నారు, డబ్బు పెద్దాయన పంపుతానన్నారు. రోజూ వీడియో కాల్‌లో చూస్తూ ఏం చేయాలో తెలియక ఐసీయూ అంటున్న మనిషికి చేయగలిగే పని ఒకటి దొరికింది, ఆ తర్వాత ఆయన ఫోన్లలో కంగారు తగ్గింది కూడా.

మళ్ళీ దెబ్బతిన్నాం

పది రోజులకి మనిషి తేరుకుంది. నోరు తడిగా ఉంది, నన్ను గుర్తుపట్టింది, మొదట అడిగింది ఆవకాయ. పెట్టమన్నాను. కానీ పాదాల వాపు మళ్ళీ వచ్చింది, బీపీ 178/84. ఇంట్లోవాళ్ళు హడలిపోయి పాత ఫ్యూరోసెమైడ్ మళ్ళీ వేసేశారు, మూడో రోజు బాత్రూం గుమ్మం దగ్గర తూలి పడింది, అదృష్టం, ఎముక విరగలేదు.

నా లెక్క తప్పేమో అని చాలా ఆలోచించాను. ఆమ్లోడిపిన్ సగం చేశాక వాపు తగ్గాలి, పెరిగిందేంటి? జవాబు వంటింట్లో దొరికింది. నేను టీ తాగుతూ కూర్చున్నా, కోడలు భోజనం అయ్యాక అల్మారాలోంచి ఒక స్ట్రిప్ తీసి ఒక మాత్ర తను వేసుకుంది, ఇంకోటి పళ్ళెంలో పెట్టి అత్తగారికి తీసుకెళ్తోంది. ఎసిక్లోఫెనాక్. తన మోకాళ్ళ నొప్పికి మెడికల్ షాపులో కొనుక్కునేది, సెప్టెంబర్ నుంచి అత్తగారికీ ఇస్తోంది, "ఆవిడ కూడా కాళ్ళు లాగుతున్నాయంటే పాపం అనిపించిందండీ" అంది. డబ్బాలో ఎందుకు పెట్టలేదంటే అది డాక్టర్ రాసింది కాదు కదా, అందుకని.

ఇది నా రెండో తప్పు. నేను అడిగింది "మందులు తీసుకురండి" అని. అడగాల్సింది "పొద్దున లేచినప్పట్నుంచి పడుకునేదాకా నోట్లో ఏమేం వేసుకుంటున్నారు" అని. అసలు వరస అక్టోబర్‌లో కాదు, సెప్టెంబర్‌లో మొదలైంది. నొప్పి మాత్ర ఒంట్లో ఉప్పూ నీరూ పట్టి ఉంచి బీపీ పెంచింది, ఆ బీపీకి ఆమ్లోడిపిన్ పెరిగింది, మిగతాదంతా దాని వెనకే. పైగా టెల్మిసార్టాన్, నీరు పోయే మాత్ర, నొప్పి మాత్ర మూడూ ఒకేసారి కలిస్తే కిడ్నీలు ఒక్క విరేచనాల దెబ్బకే చేతులెత్తేయొచ్చు, నేనిచ్చిన యాంటీబయాటిక్ వారంలో ఆవిడ దానికి చాలా దగ్గరగా వెళ్ళిందని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. కోడల్ని ఒక్క మాట అనలేదు, అనకూడదు కూడా.

ఎసిక్లోఫెనాక్ ఆపి పారాసిటమాల్ 500 మూడుపూటలా, వేడి నీళ్ళ కాపడం. ఫ్యూరోసెమైడ్ మళ్ళీ బంద్. మధ్యాహ్నం భోజనం తర్వాత గంటన్నర కాళ్ళ కింద దిండ్లు పెట్టి పడుకోవడం, ఇలా చేస్తే పాదాల్లోకి దిగిన నీరు పగలే పాస్‌లో పోతుంది, రాత్రి లేవక్కర్లేదు. మూడు వారాలకి బీపీ 148/76, ఆమ్లోడిపిన్ 2.5కి దించాం, సోడియం 135, రాత్రి లేవడం రెండుసార్లకి వచ్చింది. ఏడో వారంలో క్వెటియాపిన్ ఆపేశాం, ఏమీ కాలేదు.

పెద్దాయన 148 ఎక్కువ కదా, 120 రావాలి కదా అన్నారు. ఎనభై దాటినవాళ్ళ మీదే చేసి 2008లో వచ్చిన హైవెట్ అనే బీపీ మందుల ట్రయల్లో పెట్టుకున్న లక్ష్యం కూడా 150/80 అని, అందులో ఉన్నవాళ్ళు ఈవిడ కన్నా గట్టి మనుషులని చెప్పాను. నిలబడితే కళ్ళు తిరగని బీపీయే ఈవిడకి మంచి బీపీ.

నడక దగ్గర

మందులు సరిచేస్తే లేచి తిరుగుతుందనుకున్నా. రెండు నెలలు మంచంలో ఉన్న తొడల్లో కండే లేదు. వాకర్ కొనిపించాను, పది రోజులకి వెళ్తే దానిమీద తువ్వాళ్ళు ఆరుతున్నాయి. ఆ ఇంట్లో మూడు గడపలున్నాయి, వాకర్ ప్రతి గడప దగ్గరా ఎత్తాలి. మంచం పక్కన పెట్టుకునే కమోడ్ కుర్చీ తెప్పిస్తే ఒక్కరోజు కూడా వాడలేదు, "పడుకునే చోట ఆ పని చేస్తానా".

అప్పుడు గానీ ఆవిడని అడగాలని తోచలేదు. "మామ్మ గారూ, ఇంతమందిమి ఇన్ని చేస్తున్నాం, మీకేం కావాలి?" వెంటనే చెప్పింది, "నా నీళ్ళు నేను పోసుకోవాలమ్మా. కోడలు పోస్తుంటే కళ్ళు మూసుకుంటున్నా."

ఆ ఒక్క మాటతో ప్లాన్ మొత్తం మారింది. నీళ్ళు పోసుకోవాలంటే మంచం మీంచి లేవాలి, పద్దెనిమిది అడుగులు నడవాలి, కూర్చోవాలి, చెంబు ఎత్తాలి, మళ్ళీ లేవాలి. నవ్వారు మంచం కుంగిపోయి మోకాళ్ళ కన్నా కిందకుంది, దాంట్లోంచి నేనైనా చేతులూనకుండా లేవలేను. చెక్క వేసి, కోళ్ళ కింద ఇటుకలు పెట్టి నాలుగంగుళాలు ఎత్తు చేశారు. గడపలకి మేస్త్రి సిమెంటుతో వాలు కట్టాడు, గోడకి నడుము ఎత్తున పైపు బిగించాడు. బాత్రూంలో చేతులున్న ప్లాస్టిక్ కుర్చీ, ఇత్తడి చెంబు బదులు తేలిక చెంబు. ఖర్చంతా కలిపి వాకర్, కమోడ్ కుర్చీలకి పెట్టినదానికన్నా తక్కువే.

ఎక్సర్‌సైజ్ అంటే చేయదు. అందుకని చింతపండు బుట్ట మంచానికి మూడడుగుల దూరంలో బల్ల మీద పెట్టించాను, గుప్పెడు తెచ్చుకుని కూర్చుని పిక్కలు తీయడం, అయ్యాక లేచి ఇంకో గుప్పెడు. పొద్దున ఐదుసార్లు, సాయంత్రం ఐదుసార్లు. కుర్చీలోంచి చేతులూనకుండా లేవడం మొదట సున్నా, ఆరు వారాలకి ఐదు. లేచి మూడు మీటర్లు నడిచి వెనక్కొచ్చి కూర్చోడానికి 41 సెకన్లు పట్టేది, 24కి వచ్చింది. తిండి విషయం తొందరగానే కుదిరింది, పళ్ళ సెట్ సరిచేయించేదాకా మెత్తటి పప్పన్నం, చిదిపిన ఉడికిన గుడ్డు, చేప పులుసు ముల్లు తీసి, పెరుగు. నాలుగు నెలల్లో 41 నుంచి 44 కిలోలు.

ఏప్రిల్ చివర ఒకరోజు వెళ్తే అరుగు మీద తడి తలతో కూర్చుంది. కోడలు బాత్రూం తలుపు బయట నిలబడిందట, లోపలికి రానివ్వలేదట.

ఇప్పుడు

మధ్యలో ఒకసారి అందర్నీ కూర్చోబెట్టి మామ్మ గారినే చెప్పమన్నాం, మళ్ళీ బాగా జబ్బు చేస్తే ఏం చేయాలని. "నొప్పి లేకుండా చూడండి, గొట్టాలు పెట్టొద్దు, ఈ ఇంట్లోనే" అంది. నోట్స్‌లో రాసుకుని ఇంట్లో ఒక కాపీ పెట్టాను. సుప్రీంకోర్టు 2018లో ఇలాంటి ముందస్తు కోరికకి చట్టబద్ధత ఇచ్చింది, 2023లో పద్ధతి సులువు చేసి ఇద్దరు సాక్షులతో నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ముందు సంతకం చేస్తే సరిపోయేలా మార్చింది, ఆ కాగితం కూడా చేయించమని పెద్దాయనకి చెప్పాను, చేయిస్తున్నారు.

మొత్తం మందులు ఇప్పుడు నాలుగు, టెల్మిసార్టాన్, ఆమ్లోడిపిన్ 2.5, పారాసిటమాల్, కాల్షియం. నవంబర్‌లో ఇంకోసారి పడింది, మోచెయ్యి గీరుకుంది అంతే. మతి మునుపంత లేదు, అదే కథ రెండుసార్లు చెప్తుంది. డెలిరియం వచ్చి తగ్గినవాళ్ళలో కొంత అలా మిగిలిపోవచ్చు, కుటుంబానికి ముందే చెప్పాను.

కోడలి కుడి మోకాలికి వచ్చే నెల ఆపరేషన్. ఆరు వారాలు ఆవిడ ఎవరినీ పట్టుకోలేదు, ఆవిడనే ఎవరన్నా పట్టుకోవాలి. ఆ ఆరు వారాలు ఇంట్లో ఎవరు ఎవర్ని చూస్తారో రాయడానికి మొన్న మళ్ళీ ఒక క్యాలెండర్ పేజీ వెనక్కి తిప్పాం, మామ్మ గారు మంచం మీంచే "దాని రాత్రి మాత్రలు నేను గుర్తుచేస్తాలే, నాకెలాగూ నిద్ర పట్టదు" అంది, అది కూడా రాసుకున్నాను.